అసలు ప్రతి

మలేసియాలో, పోర్ట్ క్లాంగ్ రేవులో సరుకు ఓడెక్కే ముందు దాని కాగితాలు నా బల్ల మీదికి వస్తాయి. కంటెయినర్ నంబరులో ఒక అంకె అటూ ఇటూ అయినా, పంపేవాడి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయినా పట్టుకుని వెనక్కి పంపడం నా పని. పంతొమ్మిదేళ్ళుగా ఇదే చేస్తున్నాను. నా కన్నుగప్పి తప్పు కాగితం ఏదీ ఓడెక్కదని ఆఫీసులో ఒక పేరుంది. ఆ పేరు చూసుకుని మిడిసిపడిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయేది నేను చదవకుండా సంతకం పెట్టిన ఒకే ఒక్క కాగితం గురించి, దానివల్ల మా అమ్మ పోగొట్టుకున్న ఇంకో కాగితం గురించి.

ముందు అమ్మ కాగితం సంగతి. అమ్మ సుంగై సుమున్ దగ్గర ఒక తోటలో, కూలీలు ఉండే ఇళ్ళ వరుసల్లో, అంటే లైన్లలో పుట్టింది. తాతయ్య ఆమె పుట్టుకను ఎక్కడా రాయించలేదు. రాయించాలని ఆయనకు తెలియదో, తెలిసినా ఒక పూట పని పోతుందనుకున్నాడో, అడుగుదామంటే ఆయన లేడు. అందుకని డెబ్బయ్యేళ్ళుగా ఈ దేశం దాటి అడుగు పెట్టకపోయినా అమ్మది ఎర్ర గుర్తింపు కార్డే, ఇక్కడ ఐసీ అంటారు. నీలం కార్డు వాళ్ళు పౌరులు. ఎర్ర కార్డు వాళ్ళు పర్మనెంట్ రెసిడెంట్లు, అంటే శాశ్వతంగా ఉండనిచ్చినవాళ్ళు. నాన్నది నీలం కార్డు కాబట్టి నాకూ నీలమే వచ్చింది.

ఎన్నికల రోజున అమ్మ నాతో పాటు స్కూలు దాకా వస్తుంది. నేను లోపల ఓటు వేసి వచ్చేదాకా గేటు బయట నా సంచి పట్టుకుని నిలబడుతుంది. బయటికి రాగానే నా చెయ్యి లాక్కుని వేలి మీది సిరా చూస్తుంది. "ఒక్కసారి నా ఏలికి కూడా ఎయ్యాల లా" అంటుంది, ఇక్కడి మలయ్ అలవాటుగా చివర ఆ లా తగిలించి. నవ్వుతూనే అంటుంది గానీ, నా వేలు వెంటనే వదలదు. ఆమెకు నీలం కార్డు ఎందుకు కావాలో నాకు తెలిసింది ఆ గేటు దగ్గరే.

ఆ కార్డుకు అమ్మ చేతిలో ఉన్న ఆధారం ఒకటే. తోట చేతులు మారి ఆయిల్ పామ్ కంపెనీ కిందికి పోకముందు, అక్కడి మేనేజరు టైపు కొట్టించి తాతయ్యకు ఇచ్చిన ఉత్తరం. ఫలానా కూలీ కూతురు ఈ లైన్లలోనే పుట్టింది, పెళ్ళయ్యేదాకా ఇక్కడే ఉంది అని రెండే వాక్యాలు, కింద సంతకం, ఊదారంగు ముద్ర. ఉత్తరాన్ని మలయ్‌లో సూరత్ అంటారు, అమ్మకు కూడా అది సూరతే. పౌరసత్వానికి అర్జీ పెట్టినప్పుడు దాని నకలు ఇచ్చాం. ఇంటర్వ్యూకి పిలిస్తే అసలు ప్రతి చూపించాలన్నారు. ఏళ్ళు గడిచాయి, పిలుపు రాలేదు. సూరత్ మాత్రం దేవుడి అలమారలో, కుంకుమ డబ్బాల వెనక, ఒక ప్లాస్టిక్ కవరులో ఉండేది. శుక్రవారం అలమార తుడిచినప్పుడల్లా అమ్మ దాన్ని తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టేది.

ఇక నా సంగతి. కాలేజీలో రెండేళ్ళు చదివాక నాన్న పోయాడు, నేను చదువు ఆపి ఈ ఉద్యోగంలో చేరాను. తర్వాత ఆ కాలేజీ కూడా మూతపడింది. నా దగ్గర మిగిలినవి ఒక మార్కుల పట్టీ, అందులో అరవై ఆరు క్రెడిట్లు. నా కింద పని నేర్చుకున్న పిల్లలు డిగ్రీ ఉందని ఒక్కొక్కరే నా పై కుర్చీల్లోకి వెళ్ళారు. వెళ్ళి, వాళ్ళ కాగితాలు కూడా నాకే ఇచ్చి సరిచూడమనేవాళ్ళు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు కాబట్టి బతిమాలుతూ ఇచ్చేవాళ్ళు.

ఆఖరికి, ఆగిపోయిన డిగ్రీని పూర్తి చేయిస్తామనే ఒక యూనివర్సిటీకి రాశాను. మొత్తం నూట ఇరవై క్రెడిట్లు కావాలి, నాకు అరవై ఆరు ఉన్నాయి, యాభై నాలుగు చేస్తే చాలని లెక్క వేసుకున్నాను. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, వంటింటి బల్ల దగ్గర ఫోన్లో వాళ్ళ జవాబు చూశాను. రెసిడెన్సీ నిబంధన వల్ల నా లెక్క చెల్లదని, పాతవి ఎన్ని ఉన్నా ఇక్కడిది కూడా ఉండాలని, వివరాలకు శనివారం వచ్చి కలవమని రాశారు. రెసిడెన్సీ అంటే ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు. తెలియనిది ఎదురైతే నాకు ముందు వచ్చేది కోపం.

"ఏటయ్యింది పాపా?" అంది అమ్మ. పొయ్యి దగ్గర ఎండుచేపలు వేయిస్తోంది.

"అవ్వదంట. రెసిడెన్సీ సాలదంట."

"ఎవరికి సాలదంట?"

"ఎవరికేటి, మనకే."

ఫోను బల్ల మీద పడేసి స్నానానికి వెళ్ళిపోయాను. అంతే నేనన్నది. తెలుగులో మన గోడు మనం చెప్పుకునేటప్పుడు నాకు అనం, మనకు అంటాం. మన బతుకింతే అంటాం, మనకెక్కడ వస్తుందిలే అంటాం. నేను నా గురించే అన్నాను. అమ్మ మాత్రం ఆ మాటలో తననూ కలుపుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. వచ్చిన నాలుగు మాటల్లో రెసిడెంట్ ఒకటి, ఎందుకంటే అది ఆమె కార్డుకు పేరు.

రెండు రోజుల తర్వాత బట్టలు మడతపెడుతూ అడిగింది. "నీది నీలం ఐసీయే గదా, దానికి అడ్డమేటి?" నేను ఏదో చూసుకుంటూ, "ఐసీతో పనేటమ్మా, పాతయి ఎన్ని ఉన్నా ఇక్కడిది ఉండాలంట" అన్నాను. ఈమెయిల్‌లో ఉన్న ముక్కనే చెప్పాను. అమ్మ మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ ముక్క ఆమెకు ఎలా వినిపించి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శనివారం పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అమ్మ వచ్చి నా ఫైలు చేతికిచ్చింది.

"లోపల ఒక కాయితం ఎట్టినాను. అడిగితే ఇయ్యి."

నేను ఏ కొత్త పనికి వెళ్ళినా గుడి విభూతిని కాగితంలో పొట్లం కట్టి నా సంచిలో పెట్టడం అమ్మకు అలవాటు. ఇదీ అదే అనుకున్నాను. అడిగితే ఇయ్యి అన్న మాట చెవిన పడింది గానీ బుర్రలోకి పోలేదు. "సరి సరి" అని బస్సుకి వెళ్ళిపోయాను.

ఆ యూనివర్సిటీ వాళ్ళ ఆఫీసు ఒక దుకాణాల వరుసలో పై అంతస్తులో ఉంది. ముందు కౌంటరులో ఒక అమ్మాయి నా ఫైలు తీసుకుంది. "ఇవన్నీనా?" అని అడిగింది. అన్నీ అన్నాను. ఒక ఫారం ముందుకు తోసి, చదివి సంతకం పెట్టమంది. నా వెనక వరుసలో పదిమంది ఉన్నారు, లోపల నా పేరు పిలుస్తున్నారు. సంతకం పెట్టేశాను.

లోపల సలహాదారు నా వయసు మలయ్ ఆవిడ. చాలా ఓపిక. రెసిడెన్సీ అంటే ఎక్కడ నివసిస్తున్నావన్నది కాదు, మా దగ్గర ఎంత చదివావన్నది అని మొదటి మాటగా చెప్పింది. చాలామంది హాస్టల్లో చేరాలేమో అనుకుని భయపడతారట. బయటి నుంచి ఎన్ని క్రెడిట్లు తెచ్చినా డిగ్రీలో సగం, అంటే అరవై, ఇక్కడే సంపాదించాలి. చివరి ఏడాది సబ్జెక్టులు పూర్తిగా ఇక్కడివే కావాలి. మా పేరుతో పట్టా ఇస్తున్నప్పుడు మేము చదివించినది అందులో కొంతయినా ఉండాలి కదా అంది.

ఆ తర్వాత నా మార్కుల పట్టీ మీద పెన్సిలు నడిపింది. బొటాబొటిగా పాసైనవి రావు. వాళ్ళ సిలబస్‌కు సరిపోలనివి రావు. నేను బాగా మార్కులు తెచ్చుకున్న కంప్యూటరు సబ్జెక్టులు మరీ పాతబడిపోయాయి, అవీ రావు. చివరికి నలభై రెండు మిగిలాయి. సగం సంగతి అటుంచి, డెబ్బై ఎనిమిది కొత్తగా చేయాలి. ఇరవై ఏళ్ళ వయసులో నాన్న ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని రాసిన పరీక్షలు కూడా ఆ కొట్టేసిన వాటిలో ఉన్నాయి. ఆ పేర్ల మీద వేలు పెట్టి అలాగే ఉంచాను. ఆమె నీళ్ళ సీసా నా వైపు జరిపి, క్లాసులన్నీ ఆన్‌లైనే, ఇల్లు కదలక్కర్లేదు అంది.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే అడిగింది.

"ఏటన్నారు?"

"సేర్చుకున్నారు. రెండున్నరేళ్ళు పడద్ది."

"కాయితం తీసుకున్నారా?"

"అన్నీ తీసుకున్నారు."

అమ్మ మొహం వెలిగిపోయింది. నా చదువు మళ్ళీ మొదలవుతున్నందుకు అనుకున్నాను. ఆ సాయంత్రం పాయసం చేసింది. పక్క ఫ్లాటు తమిళావిడకు ఇస్తూ, "ఎంగ అప్పా పేపర్ దాన్ కాపాత్తిచ్చు" అంది. మా నాన్న కాగితమే కాపాడిందని. తాతయ్య ఆశీర్వాదం గురించి అంటోంది కాబోలు అనుకుని పాయసం తాగాను.

రెండున్నరేళ్ళు ఆ వంటింటి బల్ల మీదే చదివాను. శని ఆదివారాలు పొద్దున్నే లాప్‌టాప్ తెరిచేదాన్ని. నా వయసులో సగం ఉన్న పిల్లలు కెమెరాలు ఆపేసి నిద్రపోతుంటే, నేను జుట్టు దువ్వుకుని నిటారుగా కూర్చునేదాన్ని. అమ్మ చప్పుడు కాకుండా ఉల్లిపాయలు తరిగేది. గణాంకశాస్త్రం పరీక్ష ఒకసారి తప్పాను. ఆ వారమంతా అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. సంతోషంగా చదివానని చెప్పను. పోయినదాన్ని మళ్ళీ కష్టపడి తెచ్చుకుంటున్నానన్న కసితో చదివాను. శుక్రవారాల్లో అమ్మ అలమార తుడిచేటప్పుడు ఆ ప్లాస్టిక్ కవరు తియ్యడం లేదని నేను గమనించలేదు. ఉద్యోగమంతా చూడటమే అయినదాన్ని, ఇంట్లో ఏదీ చూడలేదు.

చివరి సెమిస్టరు నడుస్తుండగా అమ్మకు పిలుపు వచ్చింది. ఫలానా రోజు ఇంటర్వ్యూకి రావాలి, నకళ్ళు ఇచ్చిన పత్రాలన్నిటి అసలు ప్రతులు తేవాలి. మలయ్‌లో కూడా అసలును అసల్ అనే అంటారు. ఆ మాట చదివేటప్పుడు మనదే అనిపిస్తుంది. నేను ఉత్తరం రెండుసార్లు చదివి, అమ్మ చేతులు పట్టుకున్నాను.

"ఏలికి సిరా ఎయ్యించుకుందువు గాని. సూరత్ తియ్యి, జాగర్తగా పెట్టుకుందాం" అన్నాను.

"అది నీ కాలేజీలో ఉంది గదా" అంది అమ్మ. "ఇంకెలాగూ నీ సదువు అయిపోతంది. అడిగి తెచ్చీ."

నాకు అర్థం కాలేదు. అలమార తలుపు తీశాను. కుంకుమ డబ్బాల వెనక కవరు ఉంది. లోపల ఏమీ లేదు.

"నా కాలేజీకెందుకిచ్చినావు?"

"నువ్వే గదా అన్నావు, మనకి రెసిడెన్సీ సాలదంట అని. పాతయి ఎన్నున్నా ఇక్కడిది ఉండాలన్నావు. నా ఎర్ర ఐసీ మూలాన్నే నిన్ను ఆపీసినారేమో అనుకున్నాను. ఇక్కడే పుట్టినాను, ఇక్కడే ఉన్నాను అనడానికి అదొక్కటే గదా ఉంది. మరేటి సెయ్యమంతావు?"

ఆ శనివారం పొద్దున గుమ్మంలో అమ్మ నిలబడిన తీరు, అడిగితే ఇయ్యి అన్న మాట, పాయసం, అన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చాయి. చెప్పులు వేసుకుని బస్సెక్కాను.

కౌంటరులో వేరే అమ్మాయి ఉంది. నా నంబరు కొట్టి, స్కాన్ ఉంది అంది. తెర మీద తోట పేరు, రెండు వాక్యాలు, ముద్ర కనిపించాయి. ఊదారంగు నల్లగా పడింది. కాగితం ఎక్కడ అని అడిగాను. ప్రవేశం ఖాయమయ్యాక సంబంధం లేని కాగితాలను ఏడాది ఉంచి నాశనం చేస్తారట. కావాలంటే ఈలోగా రాసిస్తే తిరిగి ఇస్తారట. అదంతా మీరు సంతకం పెట్టిన ఫారంలోనే ఉంది అని నా ఫారం చూపించింది. రెసిడెన్సీ నిబంధన మీద కూడా అదే ఫారంలో ఒక పేరా ఉంది, ఎవరికైనా అర్థమయ్యేంత తేలికగా. కింద నా సంతకం. వాళ్ళను తిడదామని వెళ్ళాను, తిట్టడానికి ఏమీ దొరకలేదు.

అప్పుడు చేయగలిగినదంతా చేశాం. సెలవు పెట్టి అమ్మను తీసుకుని సుంగై సుమున్ వెళ్ళాను. లైన్లు ఉన్నచోట పామాయిల్ చెట్లు. తోట ఆఫీసు లేదు. ఆ మేనేజరు ఎప్పుడో పోయాడు. ఊళ్ళో మిగిలిన తెలుగువాళ్ళలో ఒక పెద్దాయన అమ్మను గుర్తుపట్టి, "నువ్వు నీళ్ళ ట్యాంకు పక్కింటి పిల్లవి గదేటి" అన్నాడు. అమ్మ చాలాసేపు ఆయనతో నవ్వుతూ మాట్లాడింది. ఆయన ఒక కాగితం మీద తనకు తెలిసింది రాసి వేలిముద్ర వేశాడు. అది పనికిరాదని నాకు వేలిముద్ర వెయ్యకముందే తెలుసు. అయినా జాగ్రత్తగా మడిచి పెట్టుకున్నాను.

ఇంటర్వ్యూలో అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. అమ్మను మక్చిక్ అని, అంటే పిన్నిగారూ అని పిలిచాడు. నకలు చూశాడు, స్కాన్ చూశాడు, పెద్దాయన కాగితం చూశాడు.

"అసల్?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల అమ్మే తన మలయ్‌లో జవాబు చెప్పింది. నా కూతురు డిగ్రీకి ఇచ్చేశాను, దాంతోనే దానికి సీటొచ్చింది అంది. ఎంత గర్వంగా చెప్పిందంటే, అతను నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. అసలు దొరికితే ఎప్పుడైనా తీసుకురండి, ఫైలు అలాగే ఉంచుతాను అన్నాడు. అమ్మ అతనికి దణ్ణం పెట్టింది.

బస్సులో చెప్పేద్దామనుకున్నాను. ఆ సూరత్‌తో నా చదువుకు ఏ సంబంధమూ లేదని, వాళ్ళు దాన్ని చదవను కూడా చదవలేదని, రెసిడెన్సీ అంటే నేను ఆ బల్ల దగ్గర కూర్చుని సంపాదించిన క్రెడిట్లేనని. "అమ్మా, ఆ సూరత్" అని మొదలుపెట్టాను.

"పోనీలే" అంది అమ్మ. "ఇద్దరిలో ఒకర్దే అవుద్దని రాసుంటే నీదే అవ్వాల."

ఆమె తన కార్డు నాకిచ్చిందనుకుంటోంది. ఊరికే పోయిందని తెలిస్తే ఆమెకు మిగిలేది ఏమిటి? చెప్పకుండా ఉండటం ఆమె కోసమే అని అప్పుడు అనుకున్నాను. నిజానికి నాకు భయమేసింది. నేటికీ చెప్పలేదు.

పోయిన నెల పట్టా వచ్చింది. దళసరి కాగితం, ఎత్తుగా తేలిన ముద్ర. ఆఫీసులో అందరూ చేతులు కలిపారు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. అమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. వేలితో ముద్రను తడిమింది.

"ఇది నకలా, అసలా?"

"అసలేనమ్మా."

అలమార తీసి ఆ ఖాళీ ప్లాస్టిక్ కవరు తెచ్చింది. పట్టాను అందులోకి మెల్లగా జొనిపింది. కాస్త పెద్దదైంది, అంచు బయటికే ఉండిపోయింది. అలాగే కుంకుమ డబ్బాల వెనక నిలబెట్టి తలుపు వేసింది.

"ఎవరడిగినా ఇది మట్టుకు ఇయ్యకు" అంది.